ఆదివారం దారి

సుస్మిత గురువారం పూట ఎగరడానికి రావడం అదే మొదటిసారి. మేడ్చల్‌లో ఆమె పనిచేసే మందుల కంపెనీలో బాయిలర్ పాడై, ల్యాబ్ వాళ్లందరికీ సెలవిచ్చారు. అనుకోని సెలవు దొరికితే ఎవరైనా ముసుగుతన్ని పడుకుంటారు. ఈ పిల్ల మాత్రం పొద్దున్నే గౌడవెల్లిలో తండ్రి బండెక్కి, శామీర్‌పేట దాటి, మట్టిరోడ్డు దుమ్మంతా తిని, ఫ్లయింగ్ క్లబ్బు రేకుల షెడ్డు ముందు దిగింది.

"సార్, ఇయ్యాల ఒక్కదాన్నే పోవాల్నా?" అంది, నమస్తే కూడా మరిచిపోయి.

సాయినాథ్ బెంచీ మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటున్నాడు. అల్వాల్ నుంచి స్కూటర్ మీద ఇక్కడికి వచ్చేసరికే ఆ మోకాలు అలిగి కూర్చుంటుంది. దానికితోడు అప్పటికే ఒక పాఠం అయింది. బౌరంపేట్ నుంచి కారులో వచ్చే అన్వేష్‌కు విమానం దించడం నేర్పించాడు. నేర్పించడమంటే, ఆ కుర్రాడు విమానాన్ని నేలకేసి కొడుతుంటే పక్కసీట్లో కూర్చుని నడుం కాపాడుకోవడం. అరవైకి దగ్గరపడ్డ నడుం అది. దాన్ని ఏడాదికోసారి డాక్టర్ల ముందు నిలబెట్టి, ఇంకో ఏడాది పనికొస్తుందని రాయించుకోవాలి.

"గాలి మంచిగుంది. పోయిరా," అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. ఒంటరిగా పంపడానికి చూడాల్సినవన్నీ ఎప్పుడో చూసేశాడు. ఈ పిల్లకు చెప్పాల్సింది ఏమీ మిగల్లేదని ఆయన నమ్మకం.

ఇద్దరు మనుషులు పట్టి లాగితే షెడ్డులోంచి బయటికొచ్చే చిన్న విమానం అది. సుస్మిత దాని చుట్టూ తిరిగింది. రెక్క అంచు పొడవునా అరచేయి రాస్తూ నడిచింది. రెక్క కింద దూరి చిన్న సీసాలోకి పెట్రోలు వంచి, అడుగున నీళ్లున్నాయేమోనని ఎండకేసి పట్టి చూసింది. చక్రాన్ని కాలితో నొక్కింది. అన్వేష్ ఈ పనులన్నీ మెకానిక్ రామయ్యకు వదిలేస్తాడు. ఈమె రామయ్య చూసినవి కూడా మళ్లీ చూస్తుంది. సాయినాథ్‌కు ఈ పిల్ల అంటే ఇష్టం. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పాల్సిన పనిలేదనుకున్నాడు.

విమానం లేచింది. ఆమె తండ్రి కుర్మయ్య షెడ్డు నీడలో గొంతుక్కూర్చుని, అది చుక్క అయ్యేదాకా చూశాడు. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి. పొలం రింగురోడ్డు కింద పోయాక వచ్చిన పైసల్లో కొంత బిడ్డ చదువుకు, మిగిలింది ఈ ఎగురుడుకు పెట్టాడు. ఎందుకు పెట్టావని అడిగిన వాళ్లకు, "దానికి ఇష్టం," అని తప్ప ఇంకో జవాబు చెప్పలేదు.

సాయినాథ్ ఫ్లాస్కులోంచి టీ పోసుకుని, చేతి రేడియో చెవి దగ్గర పెట్టుకున్నాడు. కాసేపటికి సుస్మిత గొంతు ఆచితూచి పలికే ఇంగ్లీషులో వినిపించింది. గౌడవెల్లి స్టేషన్ దాటాను, మేడ్చల్ వైపు వెళ్తున్నాను అని. సాయినాథ్ విన్నాడు. టీ తాగాడు. ప్రతి ఆదివారం అదే గొంతులో వినే మాటే కదా.

అప్పుడు పడమటి నుంచి గాలి మీద ఒక మోత వచ్చింది. ఎయిర్ ఫోర్స్ శిక్షణ విమానాల మోత. రోజూ ఉండేదే, ఎవరూ పట్టించుకోరు. ఆదివారం మాత్రం ఉండదు.

గ్లాసు ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియదు. "సుస్మితా," అన్నాడు రేడియోలో, ఇంగ్లీషు మరిచిపోయి. "వెనక్కి తిరుగు. ఇప్పుడే. చెరువు కనబడేదాక తూర్పు పట్టు. ఇంకేం చెయ్యకు."

"వెనక్కి తిరుగుతున్న సార్. తూర్పు పట్టిన," అంది. ఎందుకని అడగలేదు. అదే సమయానికి లోపల సుధాకర్ గదిలో ఫోన్ మోగింది.

ఇక్కడి విమానాలు ఉత్తరాన ఉన్న ఖాళీ పొలాల మీదికి వెళ్లి మలుపులు సాధన చేస్తాయి. అక్కడికి పోవడానికి సరైన దారి కరీంనగర్ రోడ్డు వెంట పైకి పోయి చుట్టు తిరిగేది. ఇంకొకటి అడ్డదారి, గౌడవెల్లి పట్టాలు దాటి మేడ్చల్ మీదుగా. ఆ అడ్డదారిలో ఉన్న ఆకాశం ఎయిర్ ఫోర్స్ వాళ్లది. గోడమీది పటంలో దాని చుట్టూ ఎర్ర గీత ఉంటుంది. వాళ్ల దగ్గర కొత్తగా చేరినవాళ్లు అక్కడ ఎగరడం నేర్చుకుంటారు కాబట్టి వేరేవాళ్లు అడగకుండా అడుగుపెట్టకూడదు. ఆదివారం వాళ్లకు సెలవు. ఫోన్ చేసి అడిగితే వెళ్లండి అంటారు. ఆ ఫోన్ సాయినాథే చేస్తాడు, ఈ బెంచీ మీదే, టీ తాగుతూ, సుస్మిత అక్కడ రెక్క కింద దూరి ఉన్నప్పుడు.

ఆరు రోజులు కంపెనీలో పనిచేసే మనిషికి ఆదివారమే ఉంది. ఆమె నేర్చుకున్న ప్రతి పాఠం ఆదివారమే. మిగతా రోజుల్లో వచ్చే అన్వేష్‌లాంటి వాళ్లకు చుట్టుదారి తప్ప ఇంకో దారి తెలియదు. ఈమెకు అడ్డదారి తప్ప ఇంకో దారి తెలియదు. మొదటి రోజే ఎర్ర గీత మీద వేలు పెట్టి అడిగింది కూడా. "సార్, మనం దీని లోపలికెల్లి పోతున్నం కదా?" అని. "ఏంగాదు, పర్మిషన్ ఉంది," అన్నాడు సాయినాథ్, చెయ్యి ఊపుతూ. ఆ రోజు కూడా అలసిపోయే ఉన్నాడు.

సుస్మిత దిగింది. చక్రాలు నేలను తాకిన చప్పుడు కూడా సరిగ్గా వినపడలేదు. ఇన్ని నెలల్లో ఆమె అంత మెత్తగా ఎప్పుడూ దించలేదు. ఇంజన్ ఆపి, తలుపు తీసి, వెలిగిపోతున్న ముఖంతో పరుగులాంటి నడకతో వచ్చింది. "సార్, చూసిండ్రా? ఎట్లుంది?"

సాయినాథ్ బాగుంది అని చెప్పేలోపే సుధాకర్ గుమ్మంలోకి వచ్చి, "ఇద్దరూ లోపలికి రండి," అన్నాడు.

సుధాకర్ ఈ క్లబ్బుకు పెద్ద. చెడ్డవాడు కాదు. కాకపోతే పొద్దున్న లేస్తే ఎవరో ఒకరి ముందు నిలబడి ఏదో ఒకటి బతిమాలుకుని దీన్ని నడుపుతున్నవాడు. అలాంటివాళ్ల ముఖాల్లో ఉండే జిడ్డు అతని ముఖంలో ఉంది. "ఎయిర్ ఫోర్స్ వాళ్లు గాలిలో ఉన్న రెండు విమానాలను పక్కకు తప్పించిన్రంట," అన్నాడు. "ఆ రెండింట్ల కూడ నేర్చుకునే పిల్లలే ఉన్నరు. ఏం కాలేదు, అదృష్టం. పైకి రిపోర్టు పోయింది. సోమవారం ఢిల్లీ ఆఫీసు తరఫున మనిషి వస్తది." గోడమీది పటం దగ్గరికి వెళ్లి ఎర్ర గీతను వేలితో తట్టాడు. "మేడమ్, ఇదేందో మీకు తెల్వదా?"

సుస్మిత ముఖంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. ముందు అర్థం కాలేదు. తర్వాత ఆమె సాయినాథ్ వైపు చూసింది. ఆయన చెబుతాడని చూసింది. సాయినాథ్ పటం వైపు చూశాడు, అక్కడేదో కొత్తగా కనిపించినట్టు. ఆమె చాలాసేపు అలాగే చూసి తల దించుకుంది.

"నేను సరిగ్గ అర్థం చేసుకోలేదనుకుంట సార్," అంది.

ఆమెను బయటికి పంపి సుధాకర్ తలుపు వేశాడు. సాయినాథ్ కుర్చీలో కూర్చున్నాడు. "ఐతారం మనం అటే పోతం కదా," అన్నాడు మెల్లగా.

"ఫోన్ చేసి పోతం."

"ఆ పిల్లకు ఫోన్ సంగతి తెల్వదు. నేను చెప్పలే."

సుధాకర్ కళ్లు మూసుకుని నుదురు రుద్దుకున్నాడు. "సాయన్నా, ఆ మాట నువ్వు నాకు చెప్పలే, నేను వినలే. పిల్ల దారి తప్పిందంటే పిల్ల ఒక్కదానికే. ఆర్నెల్లు ఎగరకు అంటరు, అయిపోతది, చిన్న వయసు. నేర్పినోడే తప్పు నేర్పిండంటే ఇదంతా తాళం పడ్తది. రామయ్య ఏడికి పోతడు? నువ్వేడికి పోతవ్? మోకాలు పట్టుకొని ఇంకో క్లబ్బు దగ్గరికి పోయి నౌకరి అడుగుతవా?"

ఆ మాటల్లో అబద్ధం ఏమీ లేదు. అదే సాయినాథ్‌కు తోడొచ్చింది. నిజంలాంటి నిజం ఎవరో చేతికిస్తే పట్టుకోవడం ఎంత తేలికో ఆయనకు ఆ రోజు తెలిసింది. లేచి స్కూటర్ తీశాడు. తూంకుంట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, లారీ పొగలో నిలబడి, ఆర్నెల్లే కదా అని తనకు తాను చెప్పుకున్నాడు. బొల్లారం వచ్చేదాకా అదే చెప్పుకున్నాడు.

శుక్రవారం పనికి వెళ్లాడు. అన్వేష్ మళ్లీ విమానాన్ని నేలకేసి కొట్టాడు. సాయినాథ్ తిట్టలేదు. "సార్, ఆ అమ్మాయి లోపలికి ఎలా వెళ్లింది? గీత అంత పెద్దగా ఉంది కదా," అని అన్వేష్ అమాయకంగా అడిగాడు. వాడి తప్పేమీ లేదు. వాడికి దారి సరిగ్గా నేర్పింది కూడా సాయినాథే. చుట్టుదారి ఎక్కడ తిరగాలో, ఏ చెరువు ఏ పక్కన ఉండాలో, ఈ గీత ఎందుకు దాటకూడదో, అన్నీ కూర్చోబెట్టి చెప్పాడు. సుస్మితకు ఎందుకు చెప్పలేదా అని ఆలోచిస్తే ఒకటే తట్టింది. ఆమె అడిగినప్పుడు చెప్పాల్సింది చాలా ఉంది, పర్మిషన్ ఉంది అంటే రెండు మాటల్లో అయిపోయింది.

శనివారం సాయంత్రం అల్వాల్‌లో ఆయన ఇంటి ముందు బండి ఆగింది. కుర్మయ్య. చేతిలో తడి గోనెసంచి, అందులో ఏదో కొట్టుకుంటోంది.

"కొర్రమీను సారు. పానంతోనే ఉంది. ఇంటికి ఉత్త చేతులతోని వచ్చుడెట్ల అని," అన్నాడు. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు. సాయినాథ్ భార్య శైలజ సంచి అందుకుని, బకెట్లో నీళ్లు పట్టి చేపను వదిలి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

"సుస్మిత ఎట్లుంది?" అని అడిగాడు సాయినాథ్. అడగక తప్పదు.

"ఏముంది సారు. తింటలేదు. కంపెనీకి పోతాంది, వస్తాంది. నిన్న అన్నది, ఇగ నేను పోను బాపు, నా చేతుల ఎవలదన్న పానం పోతది అని. ఆ విమానాలల్ల ఉన్నోళ్లు తన అసొంటి పిల్లలేనంట కదా. గదే పట్టుకున్నది." కుర్మయ్య అరచేతులు చూసుకున్నాడు. వల తాళ్లు కోసిన గీతలు ఉన్నాయి వాటి నిండా. "సుధాకర్ సారు ఫోన్ జేసిండు. తప్పు ఒప్పుకుంటే జల్దీ అయిపోతదన్నడు. ఒప్పుకుంటనన్నది."

సాయినాథ్ తల ఊపాడు.

"నాకొక్కటి సమజ్ కాలే సారు. మిమ్ముల అడుగుదమని వచ్చిన." కుర్మయ్య గొంతులో నిష్ఠూరం లేదు. దారి తెలియనివాడు దారి అడిగినట్టే అడిగాడు. "ఐతారం ఐతారం నేను మీ పక్కనే కూసుంట కదా. మీరు ఫోన్ల ఎవలనో, ఇయ్యాల మేడ్చల్ మీదికెల్లి పోవచ్చునా అని అడుగుతుంటిరి. వాళ్లు పొమ్మంటే మంచిదంటిరి. మొన్న బేస్తారం అడిగినట్టు నాకు యాదికి లేదు. నేను బీడీకి బయటికి పోయినప్పుడు అడిగిండ్రా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"లేదు," అన్నాడు సాయినాథ్. "అడగలే. గురువారం అడిగినా పొమ్మనరు."

"గా ముచ్చట పిల్లకెరికేనా?"

"ఎరిక లేదు."

కుర్మయ్య కోపగించుకుంటాడని, లేదా కాళ్లు పట్టుకుంటాడని సాయినాథ్ అనుకున్నాడు. రెండింటికీ జవాబు వెతుక్కుంటున్నాడు కూడా. కుర్మయ్య ఏదీ చేయలేదు. శైలజ తెచ్చిన టీ ఊదుకుంటూ మొత్తం తాగి, కప్పు జాగ్రత్తగా గోడవారగా పెట్టి లేచాడు. "నీళ్లు మార్చుండ్రమ్మా, లేకుంటే సచ్చిపోతది," అని శైలజకు చెప్పి వెళ్లిపోయాడు.

శైలజ బకెట్ దగ్గర నిలబడి చేపను చూస్తూ ఉండిపోయింది. "ఇది కొయ్యాలంటే నాకు చెయ్యి వస్తలేదు," అంది చివరికి. పెళ్లయినప్పటి నుంచి ఆమె మాటలు విన్న మనిషి కాబట్టి అందులో చేప గురించి ఎంత ఉందో, తన గురించి ఎంత ఉందో సాయినాథ్‌కు తెలిసింది. సిగ్గేసింది. అయినా సోమవారం నోరు మూసుకుని ఉండాలనే అనుకున్నాడు. సిగ్గుతో బతకడం అలవాటు చేసుకోవచ్చు, జీతం లేకుండా బతకడం ఈ వయసులో ఎవరు నేర్పుతారు.

సోమవారం వచ్చిన అధికారి నడివయసు మనిషి, చీర కుచ్చిళ్లకు మట్టి అంటుకుని, ట్రాఫిక్‌లో సగం ప్రాణం పోగొట్టుకుని వచ్చింది. సుధాకర్ ఏసీ పెంచి, కొబ్బరినీళ్లు తెప్పించాడు. ఆమె మర్యాదగానే మాట్లాడింది. తొందరగా ముగించుకుని పోవాలన్న ఆత్రం ఒక్కటే కనిపించింది.

సుస్మిత ఇస్త్రీ చేసిన చుడీదార్‌లో కుర్చీ అంచు మీద కూర్చుంది, తండ్రి కూర్చున్నట్టే. కుర్మయ్య బయట బండి దగ్గర ఉన్నాడు.

"మ్యాప్‌లో ఆ హద్దు ఉన్నట్టు మీకు తెలుసా అమ్మా?"

"తెలుసు మేడమ్."

"మరి ఎందుకు దాటారు?"

"పోవచ్చు అనుకున్న. నా తప్పే."

"పోవచ్చని ఎవరైనా చెప్పారా?"

సుధాకర్ గ్లాసులో స్ట్రా తిప్పుతున్నాడు. సుస్మిత ఈసారి సాయినాథ్ వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయన మొన్నటిలాగే పటం వైపు చూసేవాడేమో. ఆమె ఒళ్లోని చేతులనే చూసుకుంటోంది.

"ఎవ్వలు చెప్పలేదు. నాకు అంచనా లేదు మేడమ్. లోపల వేరేటోళ్లు ఉన్నరన్న సోయి కూడ లేదు. దిగినంక మస్తు మంచిగ దిగిన అనుకొని నవ్వుకుంట వచ్చిన. నేను ఈ పనికి పనికిరాననుకుంట. లైసెన్స్ ఇయ్యకపోయినా ఏమనుకోను."

అధికారి రాసుకుంటోంది. రాసుకునే ఆ చప్పుడు వింటూ సాయినాథ్ కూర్చున్నాడు. ఆ మెత్తటి దిగడం ఆయన కళ్లముందే ఉంది. ముప్పై ఏళ్లలో ఎందరికో నేర్పాడు. అలా దించినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమందే. ఆ దించడాన్ని ఈ పిల్ల తన తప్పుల్లో కలిపి చెప్పుకుంటోంది. ఆర్నెల్ల సంగతి కాదు ఇది. ఆమె దగ్గర్నుంచి తను ఎంత లాక్కుంటున్నాడో ఆయనకు అప్పుడు కనబడింది.

"ఇన్‌స్ట్రక్టర్ గారూ, బయల్దేరే ముందు ఆమెకు దారి వివరించారు కదా?" అధికారి తల ఎత్తకుండా అడిగింది. అవును అనే జవాబు రాయడానికి పెన్ను ఆనించి ఉంచింది.

"లేదు," అన్నాడు సాయినాథ్.

పెన్ను ఆగింది. సుధాకర్, "సాయన్నా," అన్నాడు నీరసంగా, ఆపగలనన్న ఆశ లేకుండా.

"గురువారం దారి ఆమెకు నేను ఎన్నడు నేర్పలే. ఆదివారాలు ఎయిర్ ఫోర్స్ వాళ్లకు ఫోన్ చేసి అడిగి, ఆమెను ఆ గీత లోపలికెల్లే తీస్కపోయిన. ఫోన్ చేస్తున్నట్టు ఆమెకు చెప్పలే. ఇదేంది సార్ అని అడిగింది. పర్మిషన్ ఉంది అన్న. అదొక్కటే అన్న. ఆమె నేను నేర్పినట్టే పోయింది. వెనక్కి రమ్మంటే ఒక్క మాట అడగకుండ వచ్చింది. దిగుడు నాకంటే మంచిగ దిగింది."

అధికారి తను రాసింది అడ్డంగా కొట్టేసి, కొత్త కాగితం తీసుకుంది. మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఈసారి ప్రశ్నలన్నీ సాయినాథ్‌కే. క్లబ్బు పద్ధతుల గురించి సుధాకర్‌ను కూడా అడిగింది, అతను తడబడుతూ చెప్పాడు. అన్నీ అయ్యాక, పైవాళ్లు తేల్చేదాకా సాయినాథ్ ఎవరికీ పాఠం చెప్పకూడదంది. క్లబ్బు ఆదివారం అడ్డదారి మానుకోవాలంది. సుస్మిత ఇంకొకరి దగ్గర చుట్టుదారి నేర్చుకుని పరీక్షకు వెళ్లవచ్చని, ఆమె పేరు మీద తప్పు రాయబోనని చెప్పింది. కొబ్బరినీళ్లు తాగకుండానే కారెక్కింది.

సుధాకర్ తిట్టలేదు. "వచ్చే ఏడు ఎట్లాగూ డాక్టర్లు నిన్ను పాస్ చెయ్యరు," అని మాత్రం అన్నాడు. అది ఓదార్పో, దెప్పిపొడుపో అతనికే తెలియదు.

సాయినాథ్ బయటికి వచ్చాడు. మనసు తేలికైంది. సుస్మిత షెడ్డు పక్కన నిలబడి ఉంది. ఆమె ఏమంటుందో ఆయన ముందే ఊహించుకున్నాడు. థాంక్స్ సార్ అంటుంది, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, ఏం ఫరవాలేదమ్మా అని తను అనాలి. ఆ మాట నోట్లో సిద్ధంగా ఉంచుకున్నాడు.

"మీకు ఎప్పుడు తెల్సింది సార్?" అంది.

"ఏది?"

"తప్పు నాది కాదని. మీకు ఎప్పుడు తెల్సింది?"

చిన్న అబద్ధానికి ఇంకా చోటుంది. ఆయన వాడుకోలేదు. "నువ్వు గాలిల ఉన్నప్పుడే," అన్నాడు.

ఆమె తల ఊపింది. "అంటే నేను దిగి నవ్వుకుంట వచ్చేటప్పటికే మీకు ఎరికే. లోపల మిమ్ముల చూసినప్పుడు గూడ ఎరికే." ఆమె గొంతు పెరగలేదు. "ఇన్ని దినాల సంది కండ్లు మూసుకుంటే నేను ఎవల్నో ఢీకొట్టినట్టే కనపడ్తాంది సార్. నాకు ఒక్క ఫోన్ జేసి చెప్తే అయిపోతుండె కదా."

సాయినాథ్ నోట్లో సిద్ధంగా ఉన్న మాట పనికిరాకుండా పోయింది. ఆమె జవాబు కోసం ఆగింది, న్యాయంగా ఆగాల్సినంతసేపు ఆగింది. తర్వాత వెళ్లి తండ్రి వెనక బండి ఎక్కింది.

కుర్మయ్యకు లోపల ఏం జరిగిందో కొంత తెలిసింది, కొంత తెలియలేదు. సారు బిడ్డను గట్టెక్కించాడన్నంతవరకు అర్థమైంది. హ్యాండిల్ వదిలి, పెద్దవాళ్లకు పెట్టినట్టు రెండు చేతులూ జోడించబోయాడు. సుస్మిత వెనక నుంచి చెయ్యి చాపి ఆ చేతులను పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

"దండం పెట్టకు బాపు," అంది. "నడువు."